బొద్దింక బహుమానం

బొద్దింకల నిర్మూలనను వృత్తిగా స్వీకరించినవాడు తన పేరు నలుగురి నోళ్లలోనూ నానాలని కోరుకోవడం తప్పు కాదు. మా అల్లుడు కోరుకున్నది అంతకంటె స్వల్పమే: వీధి చివరి పెద్ద హోటలు వారి ఏడాది కాంట్రాక్టు. అది దక్కితే అతని దుకాణం నిలుస్తుంది. దక్కకపోతే, తాను పోట్లాడి బయటికి వచ్చిన అన్నగారి పాత్రల కొట్టులోనే మళ్లీ తలవంచుకుని కూర్చోవాలి.

హోటలు వారు నిర్ణయం తీసుకునేలోగా వారికొక కానుక పంపాలని సంకల్పించాడు.

"క్యాలెండరు పంపండి. ఏడాదంతా గోడకి వేలాడుతుంది," అన్నది మా అమ్మాయి.

"క్యాలెండరా! ఆ ముసలాయన ఏటా పంచేది అదేగా. మన కానుక చూస్తే మనిషి ఉలిక్కిపడాలి."

ముసలాయన అనగా ఇదే వృత్తిలో తలపండిన పోటీదారు.

ఆ ఉలికిపాటు అట్టపెట్టెలలో వచ్చి మా వసారాలో దిగింది. రబ్బరు బొద్దింకలు. నిగనిగలాడే గోధుమరంగు, వణికే మీసాలు, కాళ్లకు నూగు సైతం ఉన్నవి, కడుపులో అయస్కాంతం. ఫ్రిజ్‌కు తగిలించుకోవచ్చును. దుకాణం పేరు, ఫోను నంబరు పొట్టమీద అచ్చువేయించాడు.

"పొట్ట ఫ్రిజ్‌కి అతుక్కుంటుంది కదయ్యా, నంబరు ఎవరికి కనపడుతుంది?" అని అడిగాను.

"వీపు మీద వేస్తే బొద్దింకలా ఉండదు మామయ్యా. జనమే తీసి, తిప్పి చూస్తారు. మార్కెటింగంటే అదే, కుతూహలం పుట్టించాలి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవానితో వాదించరాదు. ఇక్కడ కాళ్లు ఆరు కనుక అసలే వాదించరాదు.

నమూనాకు ఒకటి మా ఫ్రిజ్‌కు తగిలించాడు. మంచినీళ్లకని వెళ్లిన మా ఆవిడ ఎట్టి కుతూహలమూ ప్రదర్శించక, చెప్పు తీసి కొట్టింది. ఫ్రిజ్ తలుపు సొట్టపోయింది.

"చూశారా అత్తయ్యా, ఎంత సహజంగా ఉందో!" అని అల్లుడు పొంగిపోయాడు.

"సహజంగానే ఉంది నాయనా. రెండో చెప్పు ఇంకా కాలికే ఉంది, కాస్త దూరంగా నిలబడు."

మర్నాడు ఒక పెట్టెను స్వయంగా హోటలు మేనేజరుకు సమర్పించి వచ్చాడు. ఆయన విప్పి చూడకుండానే వంటగదికి పంపాడు. వంటవారు సరదాపడి ఫ్రిజ్‌లకూ ఇనుప బీరువాలకూ బారులు తీర్చి తగిలించారు. సరిగ్గా అప్పుడే హోటలు యజమాని, ఒక పెద్ద కంపెనీ విందు మాట్లాడుకోవడానికి వచ్చిన పెద్దమనుషులను వెంటబెట్టుకుని, "మా వంటగది అద్దమేనండీ, మీరే చూడండి" అంటూ తలుపు తీశాడు.

చూశారు. తిప్పి మాత్రం ఎవరూ చూడలేదు. వచ్చిన దారినే, వచ్చినదానికంటె వేగంగా వెళ్లిపోయారు.

యజమాని ఉగ్రుడై ఫోను అందుకున్నాడు. తగిలించినది తామేనని చెప్పే ధైర్యం వంటవారికి లేకపోయింది. బొద్దింకల మందు చల్లేవాడు తక్షణం రావాలి, నంబరు కావాలి. ఆ గదిలో నంబర్లకు కొదవ లేదు, కాని అన్నీ పొట్టల కింద ఉన్నవి. గోడమీది క్యాలెండరులో మాత్రం ఒక నంబరు బారెడు అంకెలతో కనిపించింది.

ముసలాయన వచ్చాడు. ఒకదానిని దగ్గరగా చూశాడు. అందరినీ బయటికి పంపి, తలుపు మూసి, ఒక్కొక్కటే ఊడబెరికి సంచిలో వేసుకున్నాడు. తలుపు తెరిచేసరికి వంటగది నిజంగానే అద్దంలా ఉన్నది.

సాయంత్రం అల్లుడికి ఫోను వచ్చింది. అందరమూ వినేటట్లు స్పీకరు పెట్టాడు.

"బాబూ, హోటలు కాంట్రాక్టు నాకొచ్చింది. అంతా నీ పుణ్యమే. అబ్బ, ఏం బొద్దింకలయ్యా! ఇంకా ఉన్నాయా? ఉంటే అన్నీ నేనే కొంటాను. నా క్యాలెండరున్న హోటళ్లన్నిటికీ పంచాలి."

"మరి వాటిమీద నా నంబరుంది కదండీ?"

"ఉండనీ బాబూ, ఉన్నచోటే ఉండనీ. దానివల్ల నాకేం ఇబ్బంది లేదు."

ఫోను పెట్టేసి అల్లుడు ఛాతీ విరుచుకున్నాడు. "విన్నారా మామయ్యా? తిప్పి చూస్తారని నేను చెప్పలేదూ? ఆయన చూశాడు!"

మా అమ్మాయి మిగిలిన పెట్టెలకు తాడు బిగిస్తున్నది. తల ఎత్తకుండానే అన్నది: "సరే, ఇవి ఆయనకే పంపించెయ్యండి. రేపు పెందలాడే లేవాలి మీరు. కొట్టు తెరిచే వేళకి రమ్మని బావగారు కబురు చేశారు."