పవరా, మామూలా

చిన్నసుబ్బయ్య జెడ్పీటీసీ ఎన్నికలో బావ వీరన్న చేతిలో ఓడిపోయి పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజుల్లో ఆయన ముందు ‘పవర్’ అన్న మాట ఎత్తే ధైర్యం ఎవరూ చేయలేదు. ఇంట్లో కరెంటు పోయినా గుట్టుచప్పుడు కాకుండా కొవ్వొత్తి వెలిగించుకుంటున్నారు.

పులివెందుల దాటాక పెట్రోలు బంకులో పైపు పట్టుకున్న దావూద్ ఆ మాట ఎత్తాడు.

"పవర్ పెట్రోలా అన్నా, మామూలుదా?"

డ్రైవర్ శుభాకర్ గబుక్కున అద్దంలో వెనక సీటు వైపు చూశాడు. వీరన్న కూతురి పెళ్లి ఇంకో మూడు గంటల్లో, జమ్మలమడుగులో. వీరన్న భార్య నాగేశ్వరమ్మ చిన్నసుబ్బయ్యకు సొంత చెల్లెలే అయినా, రెండిళ్ల మధ్య పదకొండేళ్లుగా బాంబులే తప్ప మాటల్లేవు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తేవాల్సింది మేనమామ. నువ్వు రాకపోతే పిల్ల పీటల మీదికి నడిచే వస్తుందని చెల్లెలు కబురంపింది. ఆ ఒక్క మాటకు కరిగిపోయి, ముందూ వెనకా జీపులు లేకుండా బయల్దేరాడు పెద్దమనిషి. జీపుల మధ్య ఇరుక్కోకుండా కారు నడపడం ఇంత సుఖమని శుభాకర్‌కు ఈ రోజే తెలిసింది.

"ఏందప్పా, ఎగతాళి చేస్తాండావా?" అన్నాడు చిన్నసుబ్బయ్య. "బండి తిప్పు శుభాకర్, ఇంటికి పోదాం."

దావూద్ బిత్తరపోయాడు. పాపం, కొత్త రకం పెట్రోలు వచ్చినప్పటి నుంచి అతను అందర్నీ అడిగేది అదే. ఈ పాత అంబాసిడర్‌కు మామూలుదే చాలని ప్రొద్దుటూరు మెకానిక్ మున్వర్ ఎన్నిసార్లు చెప్పాడో. కానీ శుభాకర్‌కు ఇప్పుడు ఇంజను సంగతి పట్టలేదు.

"ఈయప్ప అందర్నీ అడుగుతాడన్నా. పొద్దున వీరన్ననూ అడిగినాడంట."

"ఆయప్ప ఏం పోయించుకున్నాడంట?"

"మామూలుదేనంట."

దావూద్ ఏదో చెప్పబోయి, శుభాకర్ చూపు చూసి నోరు మూసుకున్నాడు. చిన్నసుబ్బయ్య మీసం కదిలింది.

"గెలిచినోడు మామూలుదా? అయితే మనకు పవర్ పొయ్యప్పా. నిండా పొయ్యి."

కల్యాణ మండపం గేటు దగ్గర వీరన్న ఎదురొచ్చాడు. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట చిన్నసుబ్బయ్యదే. కారు వైపు తల ఊపుతూ అన్నాడు.

"నువ్వు మామూలుదే పోయించుకున్నావంట. నాది పవర్."

వీరన్న తికమకపడ్డాడు. "ఏం పెట్రోలు బావా? గెలిచినాంక కొన్న బండి గదా, నాది డీజిలు."

చిన్నసుబ్బయ్య మెల్లగా వెనక్కి తిరిగాడు. శుభాకర్ అప్పటికే తళతళలాడుతున్న అద్దాన్ని మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

బంకులో బండి తిప్పమన్న సంగతి చిన్నసుబ్బయ్య నోటే విని, జరిగింది అర్థమయ్యేసరికి వీరన్నకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఈ డ్రైవర్‌ను నాకిచ్చెయ్ బావా. ఇట్లాంటోడు అప్పుడే ఒకడుండి ఉంటే, మనం పదకొండేండ్లు కొట్టుకుందుమా?"

"ఇయ్యను," అన్నాడు చిన్నసుబ్బయ్య. "గంప యాడుంది?"