తోక లేని ప్రార్థన

చీరలు రెండూ మడతపెట్టి సంచి అడుగున వేశాను. వాటి మీద తువ్వాలు పరిచి, మధ్యలో గోంగూర పచ్చడి సీసా నిలబెట్టాను. మూత బిగించి, ప్లాస్టిక్ కవరు కట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఒకసారి బోర్లించి చూశాను. చుక్క కారలేదు. అయినా మనసు ఊరుకోక ఇంకో కవరు తొడిగాను.

"దానికి స్వెట్టరు కూడా తొడుగక్కా, జలుబు చేస్తుంది," అంది మంచం మీద కూర్చున్న మా చెల్లెలు.

ఆ రోజు ఫిబ్రవరి పన్నెండు. గుణదల కొండ మీద మరియమాత ఉత్సవాలు ముందురోజే అయిపోయాయి. మా చెల్లెలు ఏటా తొమ్మిదో తారీఖున వచ్చి, మూడు రోజులు నా దగ్గర ఉండి, పన్నెండో తారీఖున వెళ్ళిపోయేది. మా అమ్మ దానికి పెట్టిన పేరు ఎస్తేరు. పందొమ్మిదో ఏట కేథలిక్కుల ఇంటికి కోడలిగా వెళ్ళింది. హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్ళే రోడ్డులో వాళ్ళ ఊరు. అక్కడి చర్చి గురువుగారు అమలమ్మ అని పేరు పెట్టారు. ఊరంతా అమలమ్మ అనే పిలిచేది. నేను మాత్రం పంతం కొద్దీ యాభై ఏళ్ళూ ఎస్తేరనే పిలిచాను.

ఉత్సవాల్లో దానితో కొండ కింది దాకా వెళ్ళేదాన్ని. దాని చెప్పులు నా ఒళ్ళో పెట్టుకుని కొబ్బరికాయల కొట్టు పక్కన కూర్చునేదాన్ని. పైకి ఎక్కేదాన్ని కాదు. మాది వేరే చర్చి సంఘం. పటాల ముందు కొవ్వొత్తులు వెలిగించడం మాకు లేదు.

ఆ ఏడు చెల్లెలు తలనీలాలు కూడా ఇచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి నున్నటి గుండు మీద పైట చెంగు కప్పుకుని మెట్లు దిగి వస్తుంటే కోపం వచ్చింది. నాలుగు మెట్లకోసారి ఆగి ఆయాసపడుతుంటే ఆ కోపం భయంగా మారింది. ఏమైందే అని అడిగితే, "వయసొచ్చింది, ఇంకేమవుద్ది," అంది.

సంచిలో అది కొనుక్కున్న మరియమాత పటం పెట్టాను.

"పటాన్ని బోర్లా పెట్టావేంటక్కా?"

"గీతలు పడతాయని."

"గీతలకేనా?"

"మరి దేనికి?"

చెల్లెలు లేచి వచ్చి పటాన్ని వెల్లకిలా తిప్పి పెట్టింది. తర్వాత చీరల మధ్య చెయ్యి దూర్చి, నేను దాచిన చిన్న పుస్తకం బయటికి తీసింది. మా సంఘం వాళ్ళు ఏటా వేసే అనుదిన ధ్యానాల పుస్తకం అది. రోజుకొక పేజీ.

"ఇదెప్పుడు దూరిందా అని చూస్తున్నా. మా ఇంట్లో ఇప్పటికి ఏడున్నాయి."

"చదువుతున్నావా?"

"మా కోడలు బజ్జీల కింద వేసుకుంటానంటే కొట్టినంత పని చేశాను. అది చాలదా?"

పుస్తకాన్ని మళ్ళీ చీరల మధ్యే పెట్టింది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. నలభై ఎనిమిదో ఏట మా ఆయన పోయాక, సంఘం వాళ్ళిచ్చిన గోడ క్యాలెండరు కాగితాల మీద వేలు పెట్టి దిద్దుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికీ రోజూ తెల్లవారగానే ఆ రోజు పేజీ చదువుతాను. తర్వాత నోటు పుస్తకంలో రెండు లైన్లు రాసుకుంటాను. పాలబ్బాయి మీద అరిచాను, అరవకుండా ఉండాల్సింది. పక్కింటావిడ పలకరిస్తే తలుపు వేసుకున్నాను, అది గర్వం. ఇలాంటివే. ఆ రోజు పేజీలో మాత్రం కృప అంటే అర్హత చూడకుండా ఇచ్చేది అని ఉంది. నోటు పుస్తకంలో ఏమీ రాయలేదు. చెల్లెలి ప్రయాణం కంగారులో ఉన్నాను.

నాకు ప్రయాణాలంటే భయం. మా ఆయన ఇశ్రాయేలు మంగళగిరి నుంచి చీరల మూటలు తెచ్చే వ్యాను నడిపేవాడు. రోజూ బయల్దేరే ముందు ఇద్దరం నిలబడి ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేను వంటింట్లోంచి రాలేదు. "వెళ్ళొస్తానే," అన్నాడు గుమ్మంలోంచి. "ఊఁ," అన్నాను. ఆ ఊఁ తర్వాత ఆయనతో నేను ఇంకేమీ అనలేదు. సాయంత్రం ఎవరో వచ్చి చెప్పారు.

అప్పటి నుంచి మా ఇంటి గడప దాటి ఎవరు ఊరెళ్ళినా ప్రార్థన చేయకుండా పంపను. సంచి గది మధ్యలో పెట్టాలి. అందరూ చుట్టూ నిలబడాలి. వెళ్ళేవాళ్ళ తల మీద చెయ్యి వేసి నేను ప్రార్థిస్తాను. చివర అందరూ ఆమేన్ అనాలి.

పై వాటాలో ఉండే వినీలను పిలిచాను. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి బయల్దేరుతూ మెడలో కార్డుతో దిగి వచ్చింది. సంచి మధ్యలో పెట్టాను.

"అక్కా, ఈసారి తోక వద్దు," అంది చెల్లెలు.

"తోకేంటి?"

"ఏటేటా చివర్లో తగిలిస్తావుగా. నాకు చెప్పలేనిదంతా దేవుడికి చెబుతున్నట్టు నాకే చెబుతావు. అదే తోక. ఈసారి ఉత్త ప్రార్థన చెయ్యి."

వినీల పెదవి కొరుక్కుని నేల చూసింది. నాకు ఒళ్ళు మండింది.

"ప్రార్థనకి కూడా కొలతలుంటాయా? కళ్ళు మూసుకో."

తల మీద చెయ్యి వేశాను. బస్సును కాపాడమన్నాను. డ్రైవరు కళ్ళను, టైర్లను, దారిలో కాలువల మీది వంతెనలను కాపాడమన్నాను. అక్కడ ఆపాల్సింది. కానీ ఆ ఆయాసం గుర్తొచ్చింది. ఇది ఇలాగే పోతే దీని గతేమిటన్న భయం పట్టుకుంది. భయం వచ్చినప్పుడు నా ప్రార్థన పొడుగవుతుంది. చేతులు రెండూ పైకి లేస్తాయి. ఈ బిడ్డ కళ్ళు తెరువు ప్రభువా, యాభై ఏళ్ళుగా తప్పుదారిలో నడుస్తోంది, ఈ బోడితలను క్షమించు, ఆ పటాలను దాని ఇంట్లోంచి తీసెయ్యి... ఎంతసేపు చేశానో తెలియదు. ఏడ్చాను కూడా. ఆమేన్ అన్నాను.

ఎవరూ ఆమేన్ అనలేదు.

కళ్ళు తెరిచాను. వినీల ఒక్కతే నిలబడి ఉంది. సంచి లేదు. చెల్లెలు లేదు.

"ఎప్పుడు వెళ్ళింది?"

"మీరు తప్పుదారి అన్నప్పుడండీ, మామ్మగారూ."

"మరి నాకు చెప్పవేం?"

"ప్రార్థన మధ్యలో ఎలా మాట్లాడతానండీ?"

ఫోన్ చేశాను. దాని ఫోన్ నా మంచం మీద, దిండు పక్కనే మోగింది. సందు చివరి దాకా పరిగెత్తాను. ఆటో ఎక్కి వెళ్ళిపోయిందని కిళ్ళీ కొట్టతను చెప్పాడు. ఇశ్రాయేలు వెళ్ళిన రోజు పాలు మాడిన వాసన నా ముక్కుకు తగిలింది. ఇరవై ఆరేళ్ళ కిందటి వాసన.

వినీల స్కూటరు తీసింది. "ఎక్కండి మామ్మగారూ. రింగు దగ్గర ఏలూరు బస్సు ఎక్కిస్తాను. జంక్షన్లో దొరుకుతారు. గట్టిగా పట్టుకోండి, ప్రార్థన బస్సులో చేసుకుందురుగాని."

డెబ్భై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి స్కూటరు ఎక్కాను. రామవరప్పాడు రింగు దగ్గర నన్ను బస్సు ఎక్కించి, కండక్టరుకు రెండుసార్లు చెప్పి, వినీల డ్యూటీకి వెళ్ళిపోయింది. మా ఆయన పోయాక నేను ఒంటరిగా బస్సెక్కడం అదే మొదటిసారి.

కిటికీ పక్కన కూర్చుని ప్రార్థన మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి తోక లేకుండా. ప్రభువా, నా చెల్లిని కాపాడు, అది... అని ఆగిపోయాను. ఇంకో రకంగా మొదలుపెట్టాను. నా చెల్లి నీ బిడ్డే ప్రభువా, కానీ... మళ్ళీ ఆగాను. గన్నవరం దాటే వరకూ అదే పని. ఎక్కడ మొదలుపెట్టినా ఒక కానీ వచ్చి కూర్చుంటోంది. అది తీసేస్తే నా దగ్గర మాటలు మిగలడం లేదు. ఇరవై ఆరేళ్ళుగా రోజుకొక పేజీ చదివిన మనిషిని. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు.

జంక్షన్లో దిగి నూజివీడు ఆటోలు ఆగే చోటికి నడిచాను. చెరుకురసం బండి నీడలో, సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి. చేతిలో ఉప్పూకారం చల్లిన జాంకాయ ముక్క. నన్ను చూసి నోటి దగ్గర ముక్క అలాగే ఆపేసింది.

"అక్కా! ప్రార్థన ఇంకా అవలేదా? జంక్షన్ దాకా సాగిందేంటి?"

నేను పక్కన కూలబడ్డాను. ఫోన్ తీసి ఇచ్చాను.

"దీనికోసమా ఇంత దూరం వచ్చావు?"

"కాదు. నువ్వు ఆమేన్ అనలేదు."

చెల్లెలు నవ్వబోయి మానేసింది. జాంకాయ ముక్కను కాగితంలో చుట్టింది.

"ఆమేన్ అంటే నువ్వన్నదంతా ఒప్పుకున్నట్టే కదక్కా. యాభై ఏళ్ళూ అన్నాను. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని అన్నాను. ఈసారి నోరు రాలేదు. మా ఆయన పోయినప్పుడు ఆ పటం ముందే ఏడ్చాను. పిల్లాడికి జ్వరమొస్తే ఆ కొండకే మొక్కుకున్నాను. నా బతుకంతా తప్పుదారేనని నీ ఎదురుగా నేనే ఎట్టా ఆమేన్ అనను?"

నేను దాని ఒళ్ళో సంచిని సరిచేశాను.

"గుండె పెద్దదయిందంట. సంక్రాంతి ముందే డాక్టరు చెప్పాడు. వచ్చే ఏడు కొండెక్కడం అయ్యేది కాదు. అందుకే జుట్టిచ్చేశాను. అందుకే తోక వద్దన్నాను."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ప్రార్థన ఇంకా పొడుగు చేస్తావుగా!"

ఆటో నిండుతోంది. "నూజివీడు! నూజివీడు! ఇంకొక్కరు!" అని డ్రైవరు అరుస్తున్నాడు. చెల్లెలు సంచి తీసుకుని వెళ్ళి అంచున కూర్చుంది. నేను బయట నిలబడి, కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి దాని తల మీద వేశాను. పైట చెంగు జారిపోయింది. నున్నటి తల వెచ్చగా అరచేతికి తగిలింది. మా అమ్మ పొలం వెళ్ళినప్పుడు ఈ తలకు నేనే స్నానం చేయించేదాన్ని. నాకప్పుడు ఐదేళ్ళు. దీనికి ఏడాది.

"మామ్మా, ఎక్కుతావా లేదా?" అన్నాడు డ్రైవరు.

"ప్రార్థన చేసుకుంటున్నాం బాబూ," అంది చెల్లెలు.

"చేసుకోండి చేసుకోండి. ఇంకొకళ్ళు రావాలిలే."

కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా," అన్నాను. "అమలమ్మ..."

అంతే. తర్వాత ఏమీ రాలేదు. ఆటోను కాపాడమని కూడా రాలేదు. నోరు తెరిచే ఉంది. లారీల హారన్లు, చెరుకురసం బండి గంటలు వినిపిస్తున్నాయి. నా చెయ్యి కింద దాని తల కొంచెం కదిలింది. ఆ పేరు నా నోటి నుంచి వినడం దానికి అదే మొదలు.

"ఆమేన్," అంది చెల్లెలు గట్టిగా, నాకంటే ముందే.

"ఆమేనండీ," అన్నాడు డ్రైవరు కూడా. "ఇక వెళ్దామా?"

చెల్లెలు నవ్వుతూనే సంచి జిప్పు తీసి, కాగితంలో చుట్టిన కొవ్వొత్తి నా చేతిలో పెట్టింది. "మొక్కు కాదులే. కరెంటు పోతే వెలిగించుకో." ఎవరో పరిగెత్తుకొచ్చి వెనక ఎక్కారు. ఆటో కదిలింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపిందో లేదో ఎక్కినవాళ్ళ అడ్డంలో కనపడలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఫోన్లో ఆ రోజు పేజీ చదివి వినిపించేదాన్ని. కింద నాకు తోచినదేమీ కలపకుండా, ఉన్నది ఉన్నట్టు. ఒక్కోసారి వింటూ నిద్రపోయేది. ఆయాసం మాత్రం వినిపిస్తూ ఉండేది. నేను పెట్టేసేదాన్ని కాను.

సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సందులోకి నీళ్ళు వచ్చాయి. నాలుగు రోజులు కరెంటు లేదు. వినీల ఆసుపత్రిలోనే ఉండిపోయింది. పై వాటాలో ఒక్కదాన్నే కూర్చుని, రెండో రోజు సాయంత్రం ఆ కొవ్వొత్తి వెలిగించాను. పటం ముందు కాదు, నీళ్ళ బిందె పక్కన. ఫోన్ పని చేయలేదు. అందుకని కొవ్వొత్తి వెలుగులో ఆ రోజు పేజీని పైకే చదివాను. వినేవాళ్ళు లేకపోయినా చివర కొంచెంసేపు ఆగాను.

ఈ ఏడు ఫిబ్రవరిలో కొండ మీద దీపాలు పెట్టారు. తొమ్మిదో తారీఖున నేనే కొండ కిందికి వెళ్ళి కొబ్బరికాయల కొట్టు పక్కన కూర్చున్నాను. "చెప్పులెవరివమ్మా, కాపలా కాస్తున్నావా?" అని కొట్టావిడ అడిగింది. నావే అన్నాను. పన్నెండో తారీఖున గది మధ్యలో సంచి ఏదీ లేదు. నోటు పుస్తకంలో ఆ రోజు కింద ఇలా రాసుకున్నాను.

మా చెల్లెలు అమలమ్మ 2024 ఫిబ్రవరి పన్నెండు, సోమవారం నాడు మా ఇంటి నుంచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ ఏడు డిసెంబరు మూడు, మంగళవారం తెల్లవారుజామున వాళ్ళ ఊళ్ళో చనిపోయింది.