వదిలేసిన బళ్ళు

రెండే సీట్లుండే ఆ చిన్న కారు కొనాలనుకునేవాడు ముందు కారు వైపు చూడకూడదట, అమ్మేవాడి ఇంటి గేటు వైపు చూడాలట. గేటు తీసినప్పుడు కిర్రుమందంటే ఆ ఇంట్లో నూనె చుక్క వేసే అలవాటు లేదన్నమాట. గేటుకే వెయ్యనివాడు ఇంజనుకి ఏం వేస్తాడు? మూతపడిన ఫర్నిచర్ షాపు వెనక ఖాళీ స్థలంలో ప్రతి ఆదివారం పొద్దున ఇలాంటి వేదవాక్కులు వినపడేవి.

ఆ కార్లున్నవాళ్ళంతా బళ్ళేసుకుని అక్కడ చేరేవారు. నేలకి జానెడెత్తున, టాపు లేకుండా, నలుగురు పట్టి ఊపితే పక్కకి జరిగేంత తేలికైన బళ్ళు. కంపెనీ వాటిని చెయ్యడం ఎప్పుడో మానేసింది. కొనాలంటే పాతదే కొనాలి, పాతది కొనాలంటే వీళ్ళని అడగాలి. అడగడమే ఆలస్యం. బానెట్లు ఎత్తిపెట్టుకుని, ఫ్లాస్కుల్లోంచి టీ పోసుకుని, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ సలహాలు కుమ్మరించేవారు. పెళ్ళాం పుట్టినరోజు గుర్తుండని పెద్దమనుషులు, ఏ ఏడాది బండికి ఏ మూల తుప్పు పడుతుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

పళ్ళ మాస్టారు వాళ్ళ దగ్గరికి వెళ్ళింది సలహా కోసమే. మాస్టారంటే బడిపంతులు కాదు, కట్టుడు పళ్ళు చేసే మనిషి. డెంటల్ డాక్టర్లు పంపే అచ్చులు ముందేసుకుని, టేబుల్ లైటు కింద కూర్చుని, పింగాణీ పన్నుని పక్క పన్నుతో వెంట్రుక దూరనంత సందులో కలపడం అతని పని. మాస్టారన్న పేరు ఈ కార్లవాళ్ళు పెట్టిందే. కుర్రతనం నించీ అతనికి ఈ కారంటే పిచ్చి. ముందు ఇల్లు అన్నారు ఇంట్లోవాళ్ళు, తర్వాత పళ్ళు చేసే ల్యాబు అన్నారు, ఆ తర్వాత ఇంకేదో అన్నారు. చూద్దాం చూద్దాం అంటూనే జుట్టు నెరిసింది.

ఇప్పుడు మాత్రం చూద్దాం అనడానికి లేదు. అతని చూపు పోతోంది. ఒక్కసారిగా కాదు, అంచుల నించి లోపలికి. ఎదురుగా ఉన్నది నిక్షేపంలా కనిపిస్తుంది, పక్కనున్నది కొద్దికొద్దిగా మాయమవుతుంది. పన్ను చెయ్యడానికి ఎదురుగా కనిపిస్తే చాలు. బండి నడపడానికి చాలదు. కళ్ళ డాక్టరు అతని తలని మెషీన్లో పెట్టించి, వెలుగు చుక్కలు చూపించి, చివరికి తేల్చి చెప్పాడు.

“ప్రస్తుతానికి నడపొచ్చు. ఇంకో ఏడాది అనుకోండి, కాస్త అటూ ఇటూగా. ఆ తర్వాత లైసెన్సుకి నేను సంతకం పెట్టను.”

ఆ సాయంత్రం అతను భార్యకి చెప్పాడు. ఆసుపత్రి టెలిఫోన్ల దగ్గర కూర్చునే ఉద్యోగం ఆమెది, రోజంతా ఎవరి కష్టమో వినడమే పని. అన్నాలు తిన్నాక ఒక్కటే అంది. “ఆ కారేదో ఇప్పుడే కొనేసుకోండి. రంగు పోయినా ఫరవాలేదు, కదిలితే చాలు. నేను పక్కన కూర్చుంటాను, మీరు నడుపుదురు గాని.”

సంగతి ఇద్దరి మధ్యే ఉండాలనుకున్నారు. కళ్ళు పోతున్నవాడికి పళ్ళ పని ఎవరిస్తారు? ఈ చెవినించి ఆ చెవికి పాకితే ల్యాబు మూసుకోవాల్సిందే. అందుకని కార్లవాళ్ళతో కూడా అతను చెప్పలేదు. ఊరికే, ఎప్పటినించో కోరిక అన్నాడు.

“అయితే తొందరపడకండి” అన్నాడు పెద్దాయన. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, ఆ గుంపుకి పెద్ద దిక్కు. “మొదట చూసిన బండి కొనేసేవాడంత అమాయకుడు ఇంకోడుండడు. ఆగండి. మంచిది దానంతటదే వస్తుంది.”

“నేను మూడేళ్ళు ఆగాను” అంది ఆ ఓనర్లలోనే ఒకావిడ, లాయరమ్మ, అదేదో తపస్సు చేసినట్టు.

వాళ్ళకి కొన్ని కట్టుబాట్లున్నాయి. కొనేవాడు ఒంటరిగా వెళ్ళకూడదు, ఓనర్లలో ఒకరు తోడెళ్ళాలి. తోడెళ్ళినవాళ్ళు చెప్తారే తప్ప చెయ్యి పెట్టరు. కొనేవాడే నేలమీద వెల్లకిలా పడుకుని, బండి కిందకి దూరి, అడుగున ఉండే ఇనప చట్రం, అదే చాసిస్, పొడుగునా వేళ్ళతో తడిమి చూసుకోవాలి. స్టార్ట్ చెయ్యక ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే వేడిచేసి ఏదో దాస్తున్నాడని లెక్క. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇంకోటుంది. చూడ్డానికి వచ్చినవాడు తన నోటితో “వదిలేశాను” అనేదాకా మిగతా ఓనర్లెవరూ ఆ బండి బేరమాడకూడదు.

మొదటి బండి ఎర్రది. పళ్ళ మాస్టారు కిందకి దూరాడు. తలుపు కింద అంచులో వేలికి పొక్కులా తగిలింది. గోటితో గీరితే తుప్పు పొట్టు రాలింది. చుట్టూ నిలబడ్డవాళ్ళెవరూ కనిపెట్టలేదు దాన్ని. పెద్దాయన మోకాళ్ళ మీద వంగి టార్చి వేసి చూసి, “అబ్బో! మీ వేళ్ళకి కళ్ళున్నాయండీ” అన్నాడు. పళ్ళ మాస్టారికి ఒళ్ళు పొంగిపోయింది. వీపు దులుపుకుంటూ లేచి, “వదిలేశాను” అన్నాడు.

రెండోదానికి బానెట్ వెచ్చగా ఉంది. పొద్దున పాల కోసం వెళ్ళొచ్చానని అమ్మేవాడు మొత్తుకున్నాడు. నిజంగానే వెళ్ళుండొచ్చు, పాల ప్యాకెట్ సీటు మీదే ఉంది. అయినా అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. “వదిలేశాను.”

మూడోది నీలం బండి. కింద శుభ్రం, బానెట్ చల్లన, తలుపుల సందులు తీరుగా ఉన్నాయి. లోపలికొచ్చేటప్పుడు గేటు మాత్రం కిర్రుమంది. పళ్ళ మాస్టారు తటపటాయించాడు. లాయరమ్మ కనుబొమ్మలెత్తింది. పెద్దాయన గేటు ఇంకోసారి తీసి, మూసి చూపించాడు.

ఇంటికొచ్చి చెప్తే భార్య కత్తిపీట పక్కకి తోసేసింది.

“గేటు కిర్రుమందని కారు మానేశారా?”

“నీకు తెలీదు. దాని వెనకాల లెక్కుంది.”

“నాకు తెలిసింది ఒక్కటే లెక్క. మొన్న గడపకి భుజం కొట్టుకున్నారు. నిన్న నీళ్ళగ్లాసు తోసేశారు. ఆ కార్లవాళ్ళకి తుప్పంటే భయం. మీకు దేనికండీ భయం? తుప్పు పట్టేదాకా నడుపుతారా మీరు?”

“పోనీ చెత్త బండి కొనుక్కొచ్చి, ఆ ఉన్న కొద్ది నెలలూ రోడ్డు పక్క నిలబెట్టుకోమంటావా?” అని అరిచాడతను. ఆమె కత్తిపీట మళ్ళీ ముందుకి లాక్కుంది. మర్నాడు అతను లేచేసరికి హాల్లో ముక్కాలిపీటలన్నీ గోడవారకి జరిగి ఉన్నాయి.

అసలు సంగతి చెప్పాలంటే అతనికి వదిలేయడం రుచి మరిగింది. ల్యాబులో అతని పనికి మెప్పంటూ ఉండదు; పన్ను బాగా కుదిరితే డాక్టరుకి పేరు, కుదరకపోతే ఇతనికి చీవాట్లు. ఇక్కడేమో, మాస్టారు కింద దూరారంటే అమ్మేవాడికి చెమటలే అని చెప్పుకునేవారు. వేరేవాళ్ళు బండి చూడ్డానికి వెళ్తూ అతన్ని బతిమాలి తీసుకెళ్ళేవారు. కొత్తగా వచ్చినవాళ్ళకి అతనే “ఆగండి, మంచిది వస్తుంది” అని చెప్పేవాడు. తన ఏడాది కరిగిపోతోందని తెలిసి కూడా చెప్పేవాడు. ఇంతకన్నా బుద్ధితక్కువతనం ఉంటుందా?

ఎండలు పోయాయి, వానలు పోయాయి. మెషీన్లో అతనికి కనిపించే చుక్కలు తగ్గాయి. “వచ్చేసారి చూద్దాం” అన్నాడు కళ్ళ డాక్టరు, అతని మొహం చూడకుండా.

అప్పుడు వచ్చింది మంచిది. నిజంగానే దానంతటదే వచ్చింది. ఊరి చివర పశువుల డాక్టరమ్మ, మోకాళ్ళు అరిగిపోయి అంత కిందకున్న బండిలోకి కూర్చోలేక, లేవలేక, అమ్ముతానని కబురు పెట్టింది. ఆదివారం నాడు పెద్దాయన తన బండిలో పళ్ళ మాస్టారిని తీసుకెళ్ళాడు. గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఆకుపచ్చ బండి, బానెట్ చల్లన. మాస్టారు కిందకి దూరి ఎంతసేపటికీ బయటికి రాలేదు. ఆ చివరినించి ఈ చివరిదాకా తడిమాడు, వాసన చూశాడు, కార్పెట్లు ఎత్తి అరచేత్తో నొక్కాడు. బయటికొచ్చాక వీపు దులుపుకోవడం కూడా మర్చిపోయాడు.

“ఏమీ లేదండీ” అన్నాడు.

“ఏమీ లేకపోవడమేంటి?”

“ఒక్క లోపం లేదు.”

“నేను చెప్పలా?” అని పెద్దాయన భుజం తట్టాడు. “నడిపి చూడండి మరి.”

పెద్దాయన పక్క సీట్లో కూర్చున్నాడు. బండి సందులోంచి మెయిన్ రోడ్డెక్కింది. స్టీరింగు అతని చేతికి ముందే తెలిసినట్టు తిరిగింది. గాలి చొక్కాలోకి దూరింది. రోడ్డు ఎదురుగా ఒక్క గీతలా స్పష్టంగా ఉంది. మనిషన్నవాడికి ఇంత సంతోషం ఎందుకు దొరకదో, దొరికితే ఇంత ఆలస్యంగా ఎందుకు దొరుకుతుందో అతనికి అర్థం కాలేదు. భార్య పక్కన ఉంటే బావుండేదనుకున్నాడు. బతికాను అనుకున్నాడు.

మలుపు దగ్గర వేగం తగ్గించాడు. ఎడమకి చూశాడు. ఏమీ లేదు. తిప్పాడు.

“బ్రేక్! బ్రేకండీ!”

బండి ముక్కు ముందు సైకిల్ అడ్డంగా పడి ఉంది. సైకిలామె పక్కకి దూకేసింది కాబట్టి దెబ్బ తగల్లేదు. కూరల సంచీ చిరిగి టమాటాలు రోడ్డంతా దొర్లాయి. “కళ్ళు కనబడవా నీకు?” అని ఆమె అరుస్తోంది. అందరూ అందరినీ తిట్టే తిట్టే అది. అతను స్టీరింగు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“చూశానండీ” అన్నాడు. “ఒట్టు. ఎడమకి చూశాను. అక్కడ ఎవరూ లేరు.”

పెద్దాయన దిగి టమాటాలు ఏరి ఇచ్చి, క్షమాపణ చెప్పి, ఆమెని పంపించి వచ్చాడు. ఈసారి డ్రైవర్ తలుపు తీసి నిలబడ్డాడు. పళ్ళ మాస్టారు దిగి, బానెట్ పట్టుకుని తడుముకుంటూ అవతలి సీటుకి వెళ్ళి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. అంచుల సంగతి, చుక్కల సంగతి, డాక్టరు ఇచ్చిన గడువు, అన్నీ.

పెద్దాయన ఇంజను ఆపేశాడు.

“ఎంత పని చేశారండీ! మొదటి రోజే చెప్పుంటే ఆ ఎర్రదే కొనేయమనేవాణ్ణి కదా. ఆ పొక్కు బండిని తినెయ్యడానికి పదేళ్ళు పడుతుంది. మీకు ఏడాది చాలు.”

“గేటు...”

“గేటేంటండీ గేటు! మాకేం పని? ఆదివారాలు గడవాలి, ఏదో ఒకటి చెప్తాం” అన్నాడు పెద్దాయన. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. “మీరు అన్నీ నమ్మేస్తే ఎలా?”

తిరిగొచ్చేటప్పుడు పెద్దాయనే నడిపాడు. మొదట జాగ్రత్తగానే నడిపాడు. రెండో గేరు పడ్డాక అతని మొహం మారింది. సందు మొదట్లో తిరగాల్సిన చోట తిరక్కుండా చెరువుదాకా వెళ్ళొచ్చాడు. పళ్ళ మాస్టారికి మలుపుల్లో పెద్దాయన పెదాల మీది చిరునవ్వు కనిపించింది, ఎందుకంటే మాస్టారు తల పూర్తిగా అటే తిప్పి చూస్తున్నాడు.

డాక్టరమ్మ వాకిట్లో బండాగింది. పెద్దాయన దిగలేదు. గుడ్డతో స్టీరింగు తుడిచాడు. గొంతు సవరించుకున్నాడు.

“మాస్టారూ, ఇప్పుడడగకూడదు. కానీ కట్టుబాటు కట్టుబాటే కదా. మీరు... నోటితో అనలేదు.”

పళ్ళ మాస్టారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి తోడుగా వచ్చాడా, కాపలాగా వచ్చాడా? కింద పగులుందని ఒక్క మాట అంటే చాలు, ఆ వేళ్ళ మాట కాదనే మొనగాడు ఆ గుంపులో లేడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కింద పగులు లేదు. లేని లోపాన్ని ఉందనడం, ఎంత కచ్చగా ఉన్నా, అతని చేత కాలేదు.

“వదిలేశాను” అన్నాడు.

పెద్దాయన గభాలున దిగి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. వరండాలో బేరం మొదలైంది. తర్వాత తను వేసుకొచ్చిన బండినీ ఈ బండినీ ఇంటికి చేర్చడమెలాగో ఆలోచించి, లాయరమ్మకి ఫోన్ చేసి రమ్మన్నాడు. మాస్టారిని దింపడం కూడా ఆవిడ పనేనన్నాడు.

పళ్ళ మాస్టారు ఆగలేదు. గేటు దాటి రోడ్డు పక్కకొచ్చి నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఆదివారం డ్యూటీలో భార్యే ఎత్తింది.

“కొన్నారా?” అంది, హలో కూడా అనకుండా.

“లేదే. కింద తుప్పుంది.”

అవతల ఇంకేదో ఫోన్ మోగుతోంది. ఆమె దాన్ని ఎత్తలేదు.

“ఉంటే ఉండనివ్వండి. ఏవండీ, నా మాట వినండి. ఈ ఒక్కదాన్నీ తుప్పుతోనే తీసేసుకోండి. మీకు దణ్ణం పెడతాను.”

“ఎవరో కొనేసుకున్నారే.”

“తుప్పున్నదాన్ని ఎవరు కొన్నారండీ?”

అతను రోడ్డు మీదకి ఒకడుగు వేశాడు. ఎదుటి రోడ్డు మీద లారీ ఒకటి ఎక్కణ్ణించి వచ్చిందో తెలీకుండా వచ్చి, హారన్ మోగిస్తూ అతన్ని రాసుకుంటూ పోయింది. ఫోన్లో ఆమెకి ఆ చప్పుడంతా వినపడే ఉంటుంది.

“రోడ్డు దాటకండి” అంది. “అక్కడే ఉండండి. నేనొచ్చి తీసుకెళ్తాను.”