శుక్రవారం మొదటి మాట

నేను ఒక నల్ల టెలిఫోన్‌ని. ఇప్పుడు మోగను. మోగిన రోజుల్లో మాత్రం నా గొంతు వినిపిస్తే ఒక పెద్ద సినిమా స్టూడియో మొత్తం ఊపిరి బిగబట్టేది.

పుట్టింది బెంగుళూరు ఫ్యాక్టరీలో. వేడి అచ్చులో ఒత్తారు, చల్లార్చారు, నిగనిగలాడేదాకా రుద్దారు. ముఖానికి అంకెల చక్రం బిగించి, కడుపులో రెండు గంటలు పెట్టారు. నాతోపాటు అచ్చులోంచి బయటపడ్డవాళ్ళు ఆసుపత్రులకూ పోలీసు స్టేషన్లకూ వెళ్ళారు. చావుకబుర్లూ దొంగతనాలూ వాళ్ళ పాలబడ్డాయి. నేను విజయవాడ గాంధీనగర్ చేరాను. సినిమా కబుర్లే కదా, హాయిగా గడిచిపోతుందనుకున్నాను.

అక్కడ ప్రతి మేడమెట్ల పక్కనా ఒక సినిమా కంపెనీ ఆఫీసు. నా మొదటి యజమాని లక్కవరపు భద్రం డిస్ట్రిబ్యూటర్. నిర్మాత దగ్గర సినిమా కొనడం, జిల్లాల్లో థియేటర్లకు వేయడం, ఆడితే నవ్వడం, పోతే నెత్తిన తడిగుడ్డ వేసుకోవడం ఆయన వ్యాపారం. శుక్రవారం పొద్దుటాట వదలగానే ఊరూరా ఉన్న ఆయన మనుషులు నాలోంచి మాట్లాడేవాళ్ళు. మనుషులు చెడ్డవార్తను ఎంత దూదిలో చుట్టి ఇస్తారో అప్పుడే నేర్చుకున్నాను. “ఆడాళ్ళకి నచ్చుద్దండీ” అంటే మగాళ్ళు మధ్యలోనే లేచిపోయారని. “మెల్లగా ఎక్కుద్దండీ” అంటే రెండో వారం ఉండదని. “పాటలు బాగున్నాయండీ” అంటే ఇంకేమీ బాగాలేవని.

ఒక శుక్రవారం ఆ ఆఫీసులోకి చెరుకుమల్లి సుందరం వచ్చాడు. మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చి, రాళ్ళగుట్ట కొని, దాన్ని పేల్చి మణిదీప స్టూడియో కట్టిన మనిషి. సెట్లు వేసి షూటింగ్ చేసుకునే ఫ్లోర్లు నాలుగు, డబ్బింగ్ థియేటరు, ఎడిటింగ్ గదులు, క్యాంటీను, అన్నీ ఒకే కాంపౌండులో. సొంత బ్యానరు మీద తీసిన మొదటి సినిమా ఆ రోజే విడుదల. హైదరాబాదులో కూర్చోలేక కారేసుకుని వచ్చేశాడు. పంచె నలిగిపోయి ఉంది. నేను మోగాను. భద్రం ఎత్తి, ఒక్క క్షణం విని, రిసీవరు ఆయన చేతికిచ్చాడు.

“మీరే వినండి బాబుగారూ.”

ఏలూరు నుంచి ఒక గొంతు అరుస్తోంది. గేటు విరిగిందట. మ్యాట్నీకి జనం రోడ్డు మీద నిలబడిపోతే బస్సులు ఆగిపోయాయట. సుందరం రిసీవరు గుండెకు ఆనించుకున్నాడు. ఆ గుండె కొట్టుకోవడం నా తీగలన్నిటికీ వినిపించింది.

“భద్రం, ఈ ఫోను నాకిచ్చెయ్.”

“ఇది గవర్నమెంటుదండి బాబూ! మనది కాదు.”

“గవర్నమెంటుకి మాత్రం సినిమా టిక్కెట్లు అక్కర్లేదా?”

లైన్‌మన్ కుటుంబం ఆ ఏడాదంతా బాల్కనీలో కూర్చుని సినిమాలు చూసింది. నేను సుందరం ఒళ్ళో కూర్చుని హైదరాబాదు వెళ్ళాను.

సినిమావాళ్ళకు లెక్కలకంటే శకునం ముఖ్యం. నేను అదృష్టపు ఫోన్నని సుందరం నమ్మాడు. నా కోసం ఆఫీసుగదిలో దేవుడి పటాల కింద బల్ల వేయించాడు. చెప్పులు గుమ్మం బయటే. ఒక నియమం కూడా పెట్టాడు. విడుదల రోజున మొదటి ఫోను భద్రానిదే కావాలి. మొదటి మాట శుభమే కావాలి. “బ్రహ్మాండం బాబుగారూ!” అని ముందు అనేసి, ఊపిరి తీసుకుని, తర్వాత అసలు సంగతి చెప్పాలి. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టినట్టన్నమాట. మొదట్లో అందరూ నవ్వుకున్నారు. వరసగా రెండు సినిమాలు ఆడేసరికి అది శాసనమైంది. సెల్‌ఫోన్లు వచ్చాక గుమ్మం బయట ఒక వెదురుబుట్ట వెలిసింది. శుక్రవారం ఎవరొచ్చినా తమ ఫోను అందులో వేసి లోపలికి రావాలి. నాకంటే ముందు ఏ నోటా ఏ మాటా ఆ గదిలోకి రాకూడదు.

అయినా గడ్డుకాలం వచ్చింది. మణిదీప సినిమా అంటే ఒకప్పుడు నూరురోజుల వాల్‌పోస్టరు తప్పనిసరి. తర్వాత యాభైరోజులకే పండగ చేసుకున్నారు. ఆ తర్వాత మూడో శుక్రవారానికి థియేటర్లో ఇంకొకరి సినిమా ఉండేది. బయటివాళ్ళ షూటింగులు ఊరి వెలుపల లేచిన కొత్త షెడ్లకు తరలిపోయాయి. నాలుగో ఫ్లోరు పెళ్ళిళ్ళకు అద్దెకు పోయింది. మూడోదాంట్లో టీవీ సీరియల్ అత్తాకోడళ్ళు ఏళ్ళ తరబడి ఒకే సోఫా చుట్టూ తిరిగారు. భద్రం నియమం తప్పలేదు. కానీ “బ్రహ్మాండం” అన్న మాటకూ అసలు సంగతికీ మధ్య ఆయన తీసే ఊపిరి ఏటేటా పొడుగవుతూ వచ్చింది. దాని పొడవును బట్టి సినిమా ఎంత లోతుకు మునిగిందో చెప్పగలిగేదాన్ని.

సుందరానికి ఒక్కతే కూతురు, నీలవేణి. ఎడిటింగ్ గదిలో తెగిన ఫిల్ముముక్కలతో ఆడుకుంటూ పెరిగింది. తండ్రి సినిమాలు తీస్తుంటే స్టూడియోని నడిపింది ఆమే. కరెంటు పోతే జనరేటరు దగ్గర నిలబడేది. లైట్‌మన్ల ఇళ్ళలో పురుళ్ళకు ఆసుపత్రులు వెతికేది. చివరి సినిమా మొదలయ్యేనాటికి ఫ్లోర్లన్నీ తాకట్టులో ఉన్నాయి. ఆ సినిమా పేరు చెప్పను. పాపం, ఇప్పుడెవరూ చెప్పుకోవడం లేదు. అది పోతే స్టూడియో నేలమట్టమై అక్కడ అపార్టుమెంట్లు లేస్తాయని ఆమెకు తెలుసు. అందుకే బొంబాయి నుంచి ఒక కంపెనీని వెతికి పట్టుకుంది.

విడుదల శుక్రవారం నాడు ఆ కంపెనీ మనిషి కాగితాలతో వచ్చాడు. పేరు అడ్డగట్ల మనోహర్. బూట్లు విప్పి, సెల్‌ఫోను బుట్టలో వేసి, నాకు కూడా ఒక నమస్కారం పడేసి కూర్చున్నాడు.

“మా తాత సిరిసిల్ల నుంచి బొంబాయి మిల్లులకు పోయిండు సార్. ఆదివారం పొద్దుటాటకు మీ సినిమాలే ఏస్తుండె. మా అమ్మ ఏడ్వడానికి వచ్చేది, నేను ఫైటింగుల కోసం వస్తుంటి.”

సుందరం నవ్వాడు. చాలాకాలానికి ఆ గదిలో వినిపించిన నిజమైన నవ్వు అది.

మనోహర్ చెప్పిన మాటలు సూటిగా ఉన్నాయి. సగం వాటా వాళ్ళకు. తాకట్టు వాళ్ళు విడిపిస్తారు. ముందు మణిదీప పేరు, వెనక వాళ్ళ పేరు. పనివాళ్ళలో ఒక్కరినీ తీసెయ్యరు. పాత సినిమాలు శుభ్రం చేయించి మళ్ళీ బయటకు తెస్తారు.

“కానీ సార్, మాట ఇప్పుడే కావాలె. సాయంత్రానికి టాకు బొంబాయి చేరుతది. సినిమా బాగుంటే మీరు నన్ను లెక్కచెయ్యరు. బాగలేకుంటే మావోళ్ళు మిమ్మల్ని లెక్కచెయ్యరు. ఎవ్వరికీ ఏం తెల్వని ఈ కాస్త సేపే మనిద్దరిది.”

నీలవేణి పెన్ను మూత తీసి తండ్రి ముందు పెట్టింది. “పెట్టేయండి నాన్నా. సినిమా ఏమైనా మనం ఉంటాం.”

“భద్రం మాట విననీ. పరీక్ష ఫలితం రాకుండా పిల్లాడికి సంబంధం ఖాయం చేసుకుంటామా?”

“ఫలితం వచ్చాక సంబంధమే పోతుందేమో నాన్నా.”

ఆయన పెన్ను అందుకున్నాడు. మూత కోసం వెతుకుతున్నాడో, కాగితం కోసం వెతుకుతున్నాడో తెలియలేదు. సరిగ్గా అప్పుడే విజయవాడలో భద్రం వేలు నా నంబరు తిప్పింది. నా చేతిలో ఉంటే ఆగేదాన్ని. ఫోనుకు ఆ స్వతంత్రం లేదు. మోగాను.

సుందరం రిసీవరు ఎత్తాడు.

“బ్రహ్మాండం బాబుగారూ!”

ముసలి గొంతు గదంతా వినబడింది. తర్వాత భద్రం ఊపిరి తీసుకున్నాడు. అన్నేళ్ళలో అంత పొడుగు ఊపిరి నేను మోయలేదు.

సుందరం రిసీవరు చెవి దగ్గర్నుంచి తీసేశాడు. కిందపెట్టి లైను కట్ చేయలేదు. మెల్లగా బల్లమీద బోర్లా పడుకోబెట్టాడు. పెన్ను మూత దొరికింది. బిగించి, కాగితాలు మనోహర్ వైపు నెట్టాడు.

“విన్నారుగా? మణిదీపకి భాగస్వాములు అక్కర్లేదు. భోజనం చేసి వెళ్ళండి.”

“నాన్నా! భద్రంగారు ఇంకా ఏదో…”

“చాలమ్మా. మొదటి మాట వచ్చేసింది.”

మనోహర్ లేచాడు. నీలవేణి కంగారుగా ఆయన వెంట గుమ్మం దాకా వెళ్ళి, ఒక్క నిమిషం ఉండమని బతిమాలింది. గుమ్మంలో కాచుకుని నిలబడ్డ మేనేజరు పేరయ్యకు “బ్రహ్మాండం” ఒక్కటే వినబడింది. అదే పరుగున కిందికి పోయాడు. మరుక్షణం ఫ్లోర్ల ముందు టపాకాయలు మొదలయ్యాయి.

ఇటు బల్లమీద నా రిసీవరు గొణుగుతూనే ఉంది. మనోహర్ బూట్ల తాళ్ళు కట్టుకుంటుండగా నీలవేణి వెనక్కి ఉరికి, దాన్ని ఎత్తి చెవికి పెట్టుకుంది.

“…ఇంటర్వెల్‌కే లేచిపోయారండి. ఏలూరు, తణుకు, భీమవరం, ఎక్కడ కనుక్కున్నా ఇదే మాట. మ్యాట్నీ టిక్కెట్లు తెగడం లేదండి. వింటున్నారా బాబుగారూ? ఆ బొంబాయి ఆయన్ని మాత్రం వదులుకోకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, సంతకం పెట్టేయండి.”

ఆమె రిసీవరు వదిలేసి పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది. గుమ్మం బయట మనోహర్ బుట్టలోంచి తన ఫోను తీసుకుని చూస్తున్నాడు.

“లోపలికి రండి. నాన్నగారితో నేను పెట్టిస్తాను. ఇప్పుడే పెట్టిస్తాను.”

ఆయన తలెత్తలేదు. “మావోళ్ళు మెసేజ్ పెట్టిన్రు మేడం. వాపస్ రమ్మంటున్నరు.”

“మీరింకా చూడలేదనుకోండి.”

“చూడకముందైతే చేసేటోన్ని. కిందమీద పడి మావోళ్ళకు సర్దిచెప్పుకునేటోన్ని. చూసినంక చేస్తే దొంగతనమైతది.” ఫోను జేబులో వేసుకున్నాడు. “మా అమ్మకు ఏం చెప్పాల్నో…” అని, మాట పూర్తిచేయకుండా నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు.

నీలవేణి లోపలికి వచ్చింది. వేలాడుతున్న రిసీవరు తీసి నా మీద పెట్టింది. కింద ఫ్లోర్ల దగ్గర ఈలలు, డప్పులు, టపాకాయలు.

“సినిమా పోయింది నాన్నా.”

దేవుడి పటాల కింద, శుక్రవారం నాడు, అంత మాట అంత సూటిగా ఎవరూ అనలేదు. సుందరం ఉలిక్కిపడలేదు.

“తెలుసమ్మా.”

“తెలుసా?”

“భద్రం ఊపిరి పీల్చగానే తెలిసింది. ఎన్నేళ్ళుగా వింటున్నాను.”

“మరి ఆయన్నెందుకు పంపేశారు? కాగితాలు ముందే ఉన్నాయి కదా. పెన్ను మీ చేతిలోనే ఉంది కదా నాన్నా!”

ఆయన అరచేతులు చూసుకున్నాడు. “ఈ ఒక్క పూట హిట్టు సినిమా తీసినవాడిలా కూర్చుందామనుకున్నానమ్మా. సంతకం పెడితే, పోతుందని తెలిసి పెట్టినవాణ్ణవుతాను. ఈ ఒక్క పూటే అనుకున్నాను.”

నీలవేణి ఒక పూట కోసం స్టూడియో మొత్తం ఇచ్చేసిన మనిషి వైపు చూసింది. కోపం వచ్చిందో, జాలి కలిగిందో నాకు తెలియదు. మౌనాన్ని చదవడం నాకు రాదు. నాకు తెలిసినవన్నీ గొంతులే. ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళి తలుపు తోసింది.

“పేరయ్యగారూ! ఆపించండి.”

“అదేంటి అమ్మాయిగారూ, ఇంకా రెండు పెట్టెలున్నాయి! కుర్రాళ్ళు లడ్డూలకి పోయారు!”

“ఆపించండి.”

ఆ గొంతు విని కింద ఎవరూ మారుమాట అడగలేదు. డప్పు మధ్యలో ఆగిపోయింది. ముందే అంటించిన సరం మాత్రం ఆగలేక చివరిదాకా పేలింది.

తర్వాతి సంగతి పొడుగ్గా చెప్పడానికేం లేదు. సోమవారానికే థియేటర్లలో బొమ్మ మారింది. మణిదీప భవిష్యత్తు గురించి పత్రికలవాళ్ళు నాలోంచి కొన్నాళ్ళు అడిగారు. “త్వరలో కొత్త సినిమా ప్రకటిస్తాం” అని చెప్పి నీలవేణి రిసీవరు పెట్టేసేది. ఒకరోజు తీగ తెంపేశారు. ఫ్లోర్లను యంత్రాలు కూలుస్తున్నప్పుడు నేను గోనెసంచిలో ఉన్నాను. పనివాళ్ళు ఎటు పోయారో తెలియదు. నీలవేణి ఒక టీవీ ఛానల్లో ఎడిటింగ్ చేస్తోందని సంచి మోసినవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. సుందరం గురించి వాళ్ళేమీ అనుకోలేదు.

ఇప్పుడు కృష్ణానగర్‌లో యాదగిరి కొట్లో ఉంటున్నాను. షూటింగులకు పాత సామాను అద్దెకిచ్చే కొట్టు. పక్కన పగిలిన గ్రామఫోను, ఇత్తడి కూజాలు, హీరో తాతగార్ల చేతికర్రలు.

“ఇది పనిచేస్తుందా?” అని మొన్న ఒక అసిస్టెంటు డైరెక్టరు అడిగాడు.

“పనిచేస్తే నీకెందుకిస్త తమ్మీ? చావుకబురు సీన్‌కైతే మస్తుంటది. పట్కపో.”

తీసుకెళ్ళారు. ఊరి బయట బియ్యం గోదాము ఖాళీ చేసి సెట్టు వేశారు. ఒక కొత్త నటి నా రిసీవరు చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకపోయినా, ఎవరిదో చివరి మాట విన్నట్టు కూలిపోవాలి. మొదటి టేకుకు కళ్ళు తడవలేదు. డైరెక్టరు విసుక్కున్నాడు. తర్వాత ఆమెకు ఏం గుర్తొచ్చిందో గానీ నిజంగానే ఏడ్చింది. ఓకే అన్నాక కూడా ఏడుస్తూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. లైట్లు ఆర్పారు. నన్ను తుడిచి తిరిగి అట్టపెట్టెలో పెట్టారు.

ఆ సినిమా విడుదలైందో లేదో, ఆడిందో పోయిందో నాకు తెలియదు. నాకెవరు చెబుతారు?