గోడ మీది బోర్డు

వనజ, కూతురు భవ్యశ్రీ పెద్దపల్లి విడిచి వేములవాడ వచ్చి ఆరు నెలలైంది. తాగి కొట్టే భర్తకు వాళ్లున్న ఊరు తెలియదు, కొత్త నంబరూ తెలియదు. బీడీలు చుడితేనే ఇల్లు గడుస్తుంది. బీడీలు చుట్టే తునికాకు ఏ రోజు ఇచ్చేదీ కార్ఖానా గుమాస్తా గోడ మీది బోర్డుపై రాసేవాడు. పది రోజులుగా ఆ కబురు ఒక యాప్‌లోనే పెడుతున్నాడు. వనజకు ఈసారి ఆకు అందలేదు.

కార్ఖానా వరండాలో కూర్చుని భవ్యశ్రీ తల్లి ఫోన్‌లో ఆ యాప్ వేసింది. మీ ఫోన్‌లో నంబర్లున్న వాళ్లందరికీ మీరు చేరినట్టు మీ నంబరుతో సహా తెలియజేస్తాం అని తెర మీద కనిపించింది. కింద ఉన్నది ఒకటే బటన్, ‘సరే’.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

"అవ్వా, బాపు నంబర్ ఉన్నదా దీంట్ల?" అని తల్లిని అడిగింది.

"ఉన్నది. ఎప్పుడన్న ఫోన్ చేస్తే గుర్తుపట్టి ఎత్తకుండ ఉండొచ్చని పెట్టుకున్న."

"తీసేద్దామా?"

"మీ మేనత్తలయి, వాడకట్టోళ్లయి గూడ ఉన్నయి బిడ్డా. ఎవలో ఒకలు మీ బాపుకు చెప్తరు."

భవ్యశ్రీ యాప్ తీసేసింది. ఎవరికీ ఎదురు మాట్లాడని ఆ పిల్ల లేచి వెళ్లి గుమాస్తా ముందు నిలబడింది.

"సార్, జర బోర్డు మీద గూడ రాయుండ్రి."

"మీ ఇద్దరి కోసం నేను సుద్దముక్క పట్టాల్నా?"

పక్కన ఆకు కత్తిరిస్తున్న ముసలి ఐలవ్వ తలెత్తకుండానే అంది, "నాది బటన్ల ఫోన్ కొడుకా. ఈసారంటే పక్కింటోళ్లు చెప్పిండ్రు. రోజూ నా ఇంటికొచ్చి చెప్పిపోతవా మరి?"

ఆడవాళ్లంతా నవ్వారు. గుమాస్తా సొరుగులో సుద్దముక్క వెతికి, ‘శుక్రవారం ఆకు’ అని రాశాడు.

వనజ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"పా బిడ్డా, శుక్రవారం పొద్దుగాల్నే వద్దం."