అల్లుడుగారి వంతు

అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడానికే మొహమాటపడే మనిషి, అదే అల్లుడితో ఒకే లారీ క్యాబిన్‌లో రోజుల తరబడి గడపాల్సి వస్తే ఎలా ఉంటుంది? యార్డులో అందరికీ అదో వినోదం. "అల్లుడుగారూ, కాస్త ఆ నీళ్ళ సీసా అందిస్తారా?" అని మామ. "అయ్యో, ముందు మీరు తాగండి మావయ్యా" అని అల్లుడు. వీళ్ళ మర్యాదలు పూర్తయ్యేలోపు సీసాలో నీళ్ళు ఆవిరైపోతాయని తోటి డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు.

మామ ఆ కంపెనీలో పాతకాపు. రాత్రీ పగలూ తేడా లేకుండా తోలిన రోజుల్లో ఆయనకో పేరు వచ్చింది: రెప్పవాల్చని పెద్దాయన. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. అందుకే క్యాబిన్‌లో తోలిన గంటలు లెక్కపెట్టే డబ్బా బిగించిన రోజున చిర్రెత్తుకొచ్చింది. ఎవరు తోలుతుంటే వాళ్ళ కార్డు దాంట్లో పెట్టాలి. వాళ్ళ గంటలు నిండగానే అది కీచుమంటుంది. అప్పుడు బండి ఆపి, కార్డు మార్చి, సీటు కూడా మారాలి. తోలినవాడు వెనక తెర చాటున పడుకోవాలి, పడుకున్నవాడు లేచి తోలాలి. "నాకు నిద్రెప్పుడొస్తుందో ఈ డబ్బా చెప్పాలా?" అంటూ ఆయన దాని మీద తువ్వాలు కప్పేవాడు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక, పెద్దాయన తోలుతుండగా, తువ్వాలు కింద డబ్బా కీచుమంది. లారీ పక్కకు ఆపి తెర తీసి చూశాడు. అల్లుడు మోచెయ్యి కళ్ళ మీద వేసుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. ఇంట్లో పసిబిడ్డ. సెలవంతా బిడ్డను భుజాన వేసుకుని తిరగడంతోనే సరిపోయింది పాపం.

"అల్లుడుగారూ" అన్నాడు పెద్దాయన, తనకే వినపడనంత మెల్లగా.

అల్లుడు కదల్లేదు. కూతురి మొగుణ్ణి భుజం పట్టి కుదపడమా? చెయ్యి రాలేదు. అయితే మర్యాద ఒక్కటే అడ్డొచ్చిందనుకుంటే పొరపాటు. ఇంకాస్త తోలితే సొంతూళ్ళో సరుకు దించే చోటు వచ్చేస్తుంది. అల్లుడు లేచి కళ్ళు నులుముకుంటూ "అంతా మీరే తోలారా మావయ్యా!" అంటాడు. ఆ మాట అప్పుడే ఆయన చెవుల్లో తియ్యగా మోగింది. తన కార్డు తీసి అల్లుడి కార్డు పెట్టాడు. సీటు మాత్రం మారలేదు.

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నిద్రకు మనుషుల పేరుప్రతిష్ఠలు కూడా తెలియవు. ఎండ అద్దంలోంచి ఒళ్ళో పడుతోంది. ఇంజను ఒకే గొంతుతో మూలుగుతోంది. పెద్దాయన రెప్ప వాల్చాడు.

చప్పుడుకి కళ్ళు తెరిచేసరికి లారీ కాలిబాట మీదికెక్కి ఒక స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉంది. ముందు చక్రం కింద చెత్త ఊడ్చే ఆవిడ తోపుడుబండి అప్పడంలా నలిగిపోయింది. ఆవిడ కాస్త అవతల కుళాయి దగ్గర, దోసిట్లో నీళ్ళు కారిపోతుంటే అలాగే నిలబడిపోయింది.

అల్లుడు తెర తోసుకుని వచ్చాడు. నుదురు బొప్పి కట్టింది. "మీకేం కాలేదు కదా మావయ్యా?" అన్నాడు. తర్వాత తువ్వాలు జారిపోయిన డబ్బాని చూశాడు. అందులో ఉన్నది తన కార్డు. ఒక్క క్షణం మామ మొహంలోకి చూసి, చూపు తిప్పేసుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది పెద్దాయనకి.

లారీలు తనిఖీ చేసే ఆఫీసరు వచ్చాడు. "ఎవరిదీ కార్డు?"

"నాదేనండి" అన్నాడు అల్లుడు.

"అయితే తోలింది నువ్వేనా?"

పెద్దాయన నోరు తెరిచాడు. అక్కడ యార్డు డ్రైవర్లిద్దరు బళ్ళు ఆపి చూస్తున్నారు. తెరిచిన నోరు మూసేసుకున్నాడు.

"నేనేనండి. కునుకు పట్టింది" అన్నాడు అల్లుడు.

"వెనకాల పెద్దాయన నిన్ను నమ్మి పడుకుంటే నువ్వు ముందు కునుకు తీస్తావా?" ఆఫీసరు కార్డు జేబులో వేసుకున్నాడు. "రేపు రద్దుకి పంపిస్తా. ఇక లారీ సంగతి మర్చిపో. చెప్పుకునేదేమైనా ఉంటే సాయంత్రం ఆఫీసు మూసేలోపు రా." పెద్దాయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీ అదృష్టం బాగుంది బాబాయ్."

ఊడ్చే ఆవిడ చక్రం కిందనుంచి తన టిఫిన్ డబ్బా లాగుతోంది. అది రావడం లేదు. "దాహమేసి అటు వెళ్ళానయ్యా" అంటోంది, ఎవరితోనో తెలియకుండా. పెద్దాయన ఆవిడ వైపు చూడలేకపోయాడు.

ఇంట్లో కూతురు మొగుణ్ణి కడిగిపారేసింది. "మా నాన్న ప్రాణాలు నీ చేతిలో పెట్టుకుని నిద్రెలా పట్టింది నీకు? చంటిదాని మొహమైనా గుర్తు రాలేదా?" అల్లుడు తల వంచుకుని అన్నీ విన్నాడు. వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పెద్దాయన అదే గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూతురు ఆయన తల వెనక దిండు సర్దింది. "నువ్వు కాసేపు నిద్రపో నాన్నా. చంటిదాన్ని ఏడవనివ్వనులే" అంది. సిగ్గుతో ఆయన ఒళ్ళంతా కాలిపోయింది. దిండు తీసి పక్కన పెట్టి, ఆమె వెనకాలే వంటింట్లోకి నడిచాడు.

"అమ్మాయ్, తోలింది నేను."

ఆమె పాల సీసా కడుగుతోంది. చేతులు ఆగిపోయాయి.

"అల్లుడుగారి వంతు వచ్చింది. లేపలేదు. కార్డు మార్చేసి నేనే తోలాను. నిద్రపోయింది నేనే."

"ఎందుకు లేపలేదు?"

"అల్లుడు కదా..."

అది ఎంత చచ్చు మాటో అనగానే ఆయనకే తెలిసింది. "గొప్పకి పోయానమ్మా" అన్నాడు. "అక్కడ నోరు పెగల్లేదు."

కూతురు చాలాసేపు కుళాయి కట్టెయ్యడం మర్చిపోయింది. "నేనాయన్ని అన్నేసి మాటలంటుంటే, పక్కనే కూర్చుని విన్నావు నాన్నా" అంది చివరికి. గొంతు పెంచలేదు. పెద్దాయనకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల తనతో ఇలా మాట్లాడటం ఇదే మొదలు.

"ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుంది. నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను" అన్నాడు.

"ఆయన్ని లేపు. చెప్పింది అబద్ధమని ఆయన కూడా చెప్పాలిగా."

"ఇప్పుడే నిద్రపట్టింది. కాసేపు పడుకోనివ్వమ్మా..."

"మళ్ళీనా నాన్నా?"

పెద్దాయన వెనక్కి తిరిగాడు. గదిలోకి వెళ్ళి అల్లుడి పక్కన నేల మీద కూర్చున్నాడు. చెయ్యి చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ చాచి, ఈసారి భుజం గట్టిగా పట్టుకుని కుదిపాడు.

"లే బాబూ. లే."

అల్లుడు ఉలిక్కిపడి, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, చొక్కా కోసం తడుముకున్నాడు.

"నా వంతు వచ్చిందా మావయ్యా?"

"లేదు నాయనా" అన్నాడు పెద్దాయన, భుజం మీది చెయ్యి తియ్యకుండా. "ఇది నాది."