పిట్ట ముట్టని విస్తరి

సామ్రాజ్యాల తలరాతలను పక్షులు మార్చిన దాఖలాలు ఉన్నాయో లేవో గాని, ఒక కుటుంబం పరువును నిలబెట్టనూ నేలపాలు చేయనూ సమర్థమైన పక్షి ఈ భూమండలం మీద ఒక్కటే. అది కాకి.

నర్సక్క పోయిన మూడోనాటి పొద్దున, ఆ మహాపక్షి అనుగ్రహం కోరి ఆమె సంతానం యావత్తూ బాబుపేట్ నుంచి ఇరై నది ఒడ్డుకు తరలివచ్చింది. పోయినవారికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టాలి. పిట్ట ముట్టాలి. ముట్టలేదంటే పోయిన మనిషికి మనసులో ఏదో కొరత మిగిలిందని అర్థం. అందాకా ఎవరూ పచ్చి మంచినీళ్లైనా తాగరాదు.

బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన పెద్దకొడుకు మొగిలి తలకాయ కూర వండించాడు. కూతురు సుభాషిణి సర్వపిండి చేసుకొచ్చింది. మొగిలి కొడుకు సదానందం ఊర్జానగర్‌లో ఇంజనీరు. "నాయనమ్మ చేతుల పెరిగినోనివి నువ్వే, ఆమెకు పానమైనది నువ్వే తేవాలె" అని తండ్రి ఆజ్ఞాపించగా, అతడు దారి పొడుగునా ఆలోచించాడు. ఒక్క వంటకమూ గుర్తుకు రాలేదు. చివరికి రోడ్డు పక్క హోటల్ ఒకటి అతని జ్ఞాపకశక్తిని ఆదుకుంది. ఇడ్లీ, సాంబారు పొట్లాం కట్టించుకొచ్చాడు.

కాకులు వచ్చాయి. చెట్టు మీద కొలువు తీర్చాయి. కిందికి చూశాయి, చర్చించాయి, నిర్ణయాన్ని వాయిదా వేశాయి.

"తలకాయ కూరంటే అవ్వకు పానం," అన్నాడు మొగిలి.

"ఆమెకా, నీకా?" అంది సుభాషిణి. "నువ్వు డ్యూటీ దిగొస్తున్నవంటే పొయ్యి ఊదుకుంట కూసునేది. ఒక్క ముక్కన్న నోట్లేసుకున్నదా?"

"మరి నీ సర్వపిండేంది? చిన్నప్పుడు నువ్వు ఏడ్సి చేయించుకున్నదే గదా!"

సుభాషిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెళ్లై మంచిర్యాల దిక్కునుంచి బొగ్గుబాయి పనికి వచ్చిన భర్త వెంట మరాఠీ సీమలోని చందాపురం చేరింది మొదలు, నర్సక్క పరిపాలన పొయ్యి దగ్గర నిరాటంకంగా సాగింది. భర్తది ఒక షిఫ్టు, కొడుకుది ఒకటి, అల్లుడిది ఇంకొకటి. సూర్యచంద్రులకైనా గ్రహణాలున్నాయి, ఆ పొయ్యికి లేవు. ఎవరికి కారం ఎక్కువ కావాలో, ఎవరికి అడుగంటిన అన్నం పడదో ఆమెకు కంఠస్థం. ఆమె తినే వేళకు మాత్రం ఇల్లంతా చేతులు కడుక్కుని లేచిపోయేది. మహారాణి ఏమి భుజించిందో ఆ రాజ్యంలో ఒక్కరూ చూడలేదు.

సదానందం ప్రతి ఆదివారమూ వెళ్లేవాడు. "ఏం తింటవ్ బిడ్డా?" అని ఆమె అడిగేది. అతడు వివరంగా సెలవిచ్చేవాడు. ఆ ప్రశ్నను తిప్పి అడగడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు. బహుశా అందుకే అతనికి తట్టలేదు.

ఎండ ఎక్కింది. మొక్కులు మొదలయ్యాయి.

"అవ్వా, ఇంటి జాగ గురించి తమ్మునితోని కొట్లాడ. రా!" అన్నాడు మొగిలి. కాకి రాలేదు.

"ఏటా నీ పేరు మీద నలుగురికి బువ్వ పెడతనే, అవ్వా!" అంది సుభాషిణి. కాకి తల తిప్పుకుంది.

"నాయనమ్మా, గుట్కా బంద్ చేస్త, శప్పత్, ఒట్టు!" అన్నాడు సదానందం తమ్ముడు సతీష్. కాకులు నమ్మలేదు. "దాదా, ఇగ నువ్వే మాట్లాడు. వాట్సాప్ స్టేటస్‌ల అన్నపూర్ణ అని గంత పెద్దగ రాస్తివి గదా!"

సదానందం విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ రాసిందాంట్లోని సమాసం ఒక్కటీ నోటికి రాలేదు.

"నాయనమ్మా, నీకేం ఇష్టమో నాకు తెల్వదు. ఎన్నడు అడగలె."

రెక్కల చప్పుడైంది.

"ఆలా రే ఆలా!" వచ్చేసిందంటూ సతీష్ మరాఠీలో అరిచాడు. కాకి విస్తరి మీద వాలింది, ముక్కు ఆడించింది, ఏదో కరచుకుని ఎగిరిపోయింది. మొగిలి బావురుమన్నాడు. సుభాషిణి ఆకాశానికి దండం పెట్టింది. సదానందానికి గుండె మీది బండ దిగినట్టైంది. క్షమించింది. క్షమించడమే కాదు, ఇన్నాళ్లకు తన ఇష్టమేమిటో చెప్పింది. ఇక ప్రతి ఏడూ అదే వండించాలి.

అదేమిటో చూద్దామని కన్నీళ్లు తుడుచుకుని విస్తరి మీదికి వంగాడు.

తలకాయ కూర పెట్టింది పెట్టినట్టే ఉంది. సర్వపిండి విరగలేదు. ఇడ్లీల మీద గాటు లేదు. సాంబారు పొట్లానికి వేసిన రబ్బరు బ్యాండు లేదు.